తోట మందులు, పెంపుడు జంతువులు: పేరు లేని సీసాతో వచ్చిన చిక్కు

తులసికోట (సర్జాపుర రోడ్డు, బెంగళూరు), ఆదివారం రాత్రి 10:20

సభ్యులందరికీ నమస్కారం. మొన్న శుక్రవారం మా కుక్కకు జరిగినది ఇక్కడ కొంచెం వివరంగానే రాస్తున్నాను. ఇలాంటి విషయాల్లో చిన్న వివరమే చివరికి ముఖ్యమవుతుందని ఈ మూడు రోజుల్లో అర్థమైంది.

మాది నాలుగేళ్ల నాటు కుక్క, పేరు గుండు, బరువు 18 కిలోలు. ఉదయం 7 గంటలకు అపార్టుమెంటు ఆవరణలో తిప్పుతున్నప్పుడు గులాబీ పాదుల దగ్గర ఆగి, ముందు కాళ్లతో మట్టి గీరి, ఏదో నాకింది. నేను ఫోనులో మాట్లాడుతూ గొలుసు లాగి ముందుకు నడిచాను. 8:15కి ఇంట్లో చొంగ మొదలైంది. అన్నం గిన్నె చూసినప్పుడు కారే చొంగ కాదు, చల్ల చిలికినప్పుడు కవ్వానికి అంటుకునే నురుగులా తెల్లగా, ఆగకుండా కారింది. రెండు వాంతులు అయ్యాయి, హాల్లోనే విరేచనం అయింది. కూనగా ఉన్నప్పుడు తప్ప ఇల్లు తడపని కుక్క నిలబడిన చోటనే మూత్రం పోసింది. తొడ మీద చెయ్యి వేస్తే చర్మం కింద కండరం దానంతట అదే అదురుతోంది. కళ్లలోకి చూస్తే కంటిపాప ఆవగింజంత అయిపోయి ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు మొదట "ఏం తిన్నది?" అని, వెంటనే "ఆ మందు పేరేమిటి?" అని అడిగారు. నా దగ్గర రెండింటికీ జవాబు లేదు. మా వారు వెనక్కి వెళ్లి తోటమాలిని అడిగితే, గులాబీలకు చెదలు పట్టిందని గురువారం సాయంత్రం మందు పోశానని ఒక లీటరు మంచినీళ్ల సీసా చూపించాడు. మూతకు మేకుతో పొడిచిన చిల్లులు, అడుగున గోధుమరంగు ద్రవం, పైన నీళ్ల కంపెనీ కాగితం ఉన్నాయి. మరో అక్షరం లేదు. అంతకుముందు రోజే అవే పాదుల్లో ఎముకల పొడి కూడా వేశారట. కుక్క వెతుక్కున్నది ఆ పొడి కోసమే అయి ఉంటుంది.

డాక్టరు లక్షణాలను బట్టి వైద్యం మొదలుపెట్టారు. రెండు రాత్రులు అక్కడే ఉండి ఈ రోజు ఉదయం ఇంటికి వచ్చింది, పలుచటి గంజి తాగుతోంది. నా సందేహం ఏమిటంటే, మందు పేరు తెలియకపోతే వైద్యం నిజంగా అంత మారిపోతుందా? మా సంఘం వారిని నేను ఏమని అడగాలి?

పశువైద్యురాలు (హెబ్బాళ), ఆదివారం రాత్రి 11:35

గుండు ఇంటికి వచ్చినందుకు సంతోషం. మీ డాక్టరు వేసిన రెండో ప్రశ్న అలవాటు కొద్దీ అడిగినది కాదు కాబట్టి కొంచెం పొడవుగానే జవాబు రాస్తున్నాను.

నరం చివరి నుంచి కండరానికి, గ్రంథికి కబురు అందించే పదార్థం పేరు ఎసిటైల్‌కోలిన్. కబురు అందాక దాన్ని విరగ్గొట్టి తుడిచేసే ఎంజైము ఎసిటైల్‌కోలినెస్టరేజ్. క్లోర్‌పైరిఫాస్, డైమిథోయేట్, మలాథియాన్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు, కార్బోఫ్యూరాన్ వంటి కార్బమేట్లు అనే రెండు రకాల పురుగుమందులు పట్టుకునేది ఈ ఎంజైమునే. తుడిచేవాడు లేకపోవడంతో కబురు మోగుతూనే ఉంటుంది. మీరు రాసిన చొంగ, వాంతి, విరేచనం, మూత్రం, ఆవగింజంత కంటిపాప, కండరాల అదురు అన్నీ ఆ ఒక్క కారణం నుంచి వచ్చినవే. ఇవి చూసి భయపడతాం కానీ ప్రాణం తీసేది సాధారణంగా ఇవి కావు. ఊపిరి గొట్టాలు స్రావంతో నిండిపోవడం వల్ల, ఊపిరి పీల్చే కండరాలు అలిసిపోవడం వల్ల ప్రాణం పోతుంది.

అట్రోపిన్ ఆ స్రావాలను ఆరబెడుతుంది, నెమ్మదించిన గుండెను లేపుతుంది, కానీ కండరాల అదురును, బలహీనతను తగ్గించలేదు. అందుకు ప్రాలిడాక్సిమ్ కావాలి. అది ఆర్గానోఫాస్ఫేటు పట్టు నుంచి ఎంజైమును విడిపిస్తుంది, అయితే గంటలు గడిచే కొద్దీ ఆ పట్టు బిగుసుకుపోతుంది కాబట్టి ఆలస్యంగా ఇస్తే పెద్దగా పని చేయదు. కార్బమేటు పట్టు దానంతట అదే వదులవుతుంది, కాబట్టి అక్కడ సాధారణంగా ప్రాలిడాక్సిమ్ అవసరం రాదు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి పైరెథ్రాయిడ్లు అనే మరో రకం పురుగుమందుల వల్ల కూడా జంతువు వణుకుతుంది, చొంగ కారుస్తుంది, కానీ అక్కడ ఈ ఎంజైముతో సంబంధమే లేదు, వైద్యమంతా వణుకును అదుపు చేయడం మీదే నడుస్తుంది. నత్తల మందు తిన్న కుక్క కూడా వణుకుతుంది, దాని దారి మళ్లీ వేరు. అన్నిటికీ వణుకే వస్తుంది, మందు పేరు తెలిస్తే ఆ వణుకు ఏ దారిదో మాకు మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. తెలియకపోతే కంటిపాప, గుండె వేగం, జ్వరం చూసి, ఒక మోతాదు అట్రోపిన్ ఇచ్చి ఏమవుతుందో గమనించి, రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్షకు పంపి ఊహించుకుంటాం. మీ డాక్టరు ఊహ సరైనదే అయింది.

ప్రథమ చికిత్స గురించి ఒక్క మాట. ఒంటికి మందు అంటితే చేతులకు తొడుగులు వేసుకుని, గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే ద్రవ సబ్బుతో కడగండి. మీ చేతికి అంటితే మీకూ అదే జరుగుతుంది.

కొత్తగా_చేరాను (మారతహళ్లి), సోమవారం ఉదయం 6:50

మా ఊళ్లో కుక్క ఏదైనా తింటే ఉప్పు నీళ్లు పట్టించి వాంతి చేయించేవారు, లేదా నెయ్యి పోసేవారు. ఆసుపత్రికి చేరడానికి ఈ ట్రాఫిక్‌లో గంట పడుతుంది, ఆ లోపు ఇది చేయవచ్చా?

పశువైద్యురాలు (హెబ్బాళ), సోమవారం ఉదయం 7:15

దయచేసి చేయవద్దు. ఉప్పు నీళ్లతో రక్తంలో సోడియం పెరిగి, దాని వల్లే మూర్ఛ వచ్చిన కుక్కలు ఉన్నాయి. చాలా ద్రవ పురుగుమందులలో కిరోసిన్ వంటి ద్రావకం ఉంటుంది, వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి వెళితే విషం కంటే ముందు న్యుమోనియా పట్టుకుంటుంది. పాలు, నెయ్యి విషాన్ని విరవవు. పైగా వణుకుతున్న జంతువుకు మింగే పట్టు ఉండదు. ఆ గంటలో చేయవలసినది డాక్టరుకు ఫోను చేసి, డబ్బా లేబులు ఫోటో పంపడం. ఆ ఫోటో చూసి మేము మందులు సిద్ధం చేసుకుని కూర్చుంటాం.

ఎర్రమట్టి (యలహంక), సోమవారం ఉదయం 9:05

నేను అనంతపురం జిల్లా వాడిని. వ్యవసాయ శాస్త్రం చదువుకుని, కొన్నాళ్లు పురుగుమందుల పంపిణీలో పనిచేసి ఇక్కడికి వచ్చాను. లేబులు అనగానే అందరూ చిన్న అక్షరాల గురించి భయపడతారు. చదవడం రాకపోయినా చూడగలిగినది ఒకటి ఉంది. మన దేశంలో ప్రతి పురుగుమందు డబ్బా మీద వజ్రాకారపు గుర్తు ఒకటి ముద్రిస్తారు, దాని కింది త్రికోణానికి ఒక రంగు ఉంటుంది. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు దాని తరువాతది, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ తక్కువ. నోటి ద్వారా ప్రయోగ జంతువుల్లో సగాన్ని చంపే మోతాదు కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఎరుపు, 500 వరకు పసుపు, 5000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. 1968 నాటి కీటకనాశినుల చట్టం, 1971 నాటి నియమావళి కింద లేబులు లేకుండా ఏ మందూ అమ్మరాదు. అయినా తులసికోట గారు రాసిన నీళ్ల సీసా వంటివి నేను వందల్లో చూశాను. రైతు దగ్గర అర లీటరు మిగులుతుంది, బావమరిదికి సీసాలో పోసి ఇస్తాడు, అతను నగరంలో మాలిగా చేరతాడు. డబ్బా ఊళ్లో ఉండిపోతుంది, మందు ఒక్కటే ప్రయాణం చేస్తుంది.

ఆ పాత మిగులు ఇంకొక రకంగానూ ప్రమాదం. 2018లో కేంద్ర ప్రభుత్వం 18 మందులను నిషేధించింది. అందులో 12 వెంటనే ఆగిపోయాయి, ఫోరేట్, డైక్లోర్వాస్, ట్రయజోఫాస్ సహా మిగిలిన 6 మందులకు 2020 డిసెంబరు 31 వరకు గడువు ఇచ్చారు. గులాబీ పాదుల్లో గుప్పెడు ఫోరేట్ గుళికలు వేయడం మా నాన్నగారి తరంలో అతి మామూలు. ఎవరి గూట్లోనైనా ఆ గుళికల పొట్లం మిగిలి ఉంటే తోటలో వాడకండి, వాసన చూసి గుర్తుపట్టే ప్రయత్నం అసలు చేయకండి.

మిద్దెతోట (బసవేశ్వరనగర), సోమవారం మధ్యాహ్నం 1:30

ఈ బాధ అంతా రసాయనాలు వాడేవారిదని నా అభిప్రాయం. మా మిద్దె మీద 70 కుండీలు ఉన్నాయి, ఎనిమిదేళ్లుగా వేపనూనె, వేపపిండి, ఆముదపు పిండి, ఎముకల పొడి, ఫిల్టరు కాఫీ పిప్పి తప్ప మరొకటి వేయలేదు. సిద్ధాపుర నర్సరీల వారే ఇవన్నీ కలిపి సంచిలో ఇస్తారు. సహజమైన ఎరువు వేసుకుంటే ఈ చర్చే ఉండదు.

ఎర్రమట్టి (యలహంక), సోమవారం మధ్యాహ్నం 2:10

మిద్దెతోట గారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట అడుగుతాను. వేరుశనగ చెక్కను ఆవుకు పెడతాం, ఆముదపు చెక్కను మాత్రం పొలానికే ఎందుకు తోలేవారు? మా తాతగారు ఆ బస్తాలను కొట్టం పక్కన దించనిచ్చేవారు కాదు, దూడ తాడు తెంపుకుని వచ్చి నాకుతుందని. ఆముదపు గింజలో రిసిన్ అనే విషం ఉంది. అది నీటిలో కరిగేది కాబట్టి గానుగలో నూనెతో పోదు, చెక్కలోనే మిగులుతుంది. బాగా వేడి చేస్తే విరుగుతుంది కానీ సంచిలో కొన్న పిండిని అలా వేడి చేశారో లేదో మనకు తెలియదు.

పశువైద్యురాలు (హెబ్బాళ), సోమవారం మధ్యాహ్నం 2:45

ఎర్రమట్టి గారు చెప్పినది పూర్తిగా నిజం. ఆముదపు పిండిని ఎముకల పొడితో కలిపి వేయడమంటే విషానికి మాంసం వాసన పూసినట్టే. కుక్కలు దాన్ని తవ్వి మరీ తింటాయి. గంటల తరువాత, ఒక్కోసారి మరుసటి రోజు, నెత్తుటి విరేచనాలు మొదలవుతాయి. దీనికి విరుగుడు మందు లేదు, సెలైను పెట్టి కాపాడుకోవడమే. కాఫీ పిప్పిలో కెఫీన్ మిగిలే ఉంటుంది, కుక్క గుప్పెళ్ల కొద్దీ తింటే గుండె పరుగెడుతుంది. చిక్కగా ఉన్న వేపనూనెను పిల్లుల ఒంటికి పూయడమూ మంచిది కాదు. మీ పిండిని మానేయమనడం లేదు, కుక్క ఎక్కని మిద్దె మీదే ఉంచండి, సంచిని డబ్బాలో పెట్టి మూత బిగించండి.

మిద్దెతోట (బసవేశ్వరనగర), సోమవారం మధ్యాహ్నం 3:20

మాకు కుక్క లేదు, కానీ మా అమ్మాయి పండుగకు వచ్చేటప్పుడు తన బీగిల్‌ను తెస్తుంది. అది మిద్దె మీదే ఆడుకుంటుంది. పోయిన దసరాకు దానికి కడుపు చెడితే బొబ్బట్లు తిన్నదని అందరం కలిసి మా ఆవిడను తప్పుపట్టాం. ఏది కారణమో ఇప్పుడు తేల్చలేం కానీ, సంచిని ఇప్పుడే కింది గదికి దించి తాళం వేశాను.

మూడు_పిల్లులు (కొత్తనూరు), సోమవారం సాయంత్రం 5:40

ఇందాక పైరెథ్రాయిడ్ల మాట వచ్చింది, పిల్లుల వారు దాన్ని ప్రత్యేకంగా పట్టించుకోవాలి. రెండేళ్ల క్రితం మా కింది ఇంటివారు చామంతులకు పేనుబంక పట్టిందని సాయంత్రం మందు కొట్టారు. మా నల్ల పిల్లి ఆ తడి ఆకుల మధ్య నుంచి నడిచి వచ్చి, అలవాటు ప్రకారం సోఫా మీద కూర్చుని నాలుగు పాదాలూ శుభ్రంగా నాక్కుంది. రాత్రి 9 గంటలకు చెవులు టపటపా కొట్టుకోవడం, ఒక్కో పాదాన్ని తడి అంటినట్టు విదిలించడం మొదలుపెట్టింది. చూడటానికి నవ్వు వచ్చేలా ఉంటే మా అబ్బాయి వీడియో తీశాడు. 11 గంటలకు ఒళ్లంతా వణికింది. ఆ వీడియో చూసే డాక్టరు విషయం గుర్తుపట్టారు కాబట్టి మా అబ్బాయిని ఏమీ అనలేకపోయాను.

కుక్కకు ఏమీ కానిది పిల్లికి ఎందుకు అవుతుందని అడిగితే, ఈ మందులను కాలేయంలో విరిచి బయటికి పంపే గ్లూకురోనైడ్ మార్గం పిల్లుల్లో చాలా బలహీనమని డాక్టరు చెప్పారు. కుక్కల మెడ మీద పోసే పిడుదుల మందుల్లో కొన్నింటిలో పెర్మెత్రిన్ అనే పైరెథ్రాయిడ్ ఎక్కువ గాఢతతో ఉంటుందని, దాన్ని "కొంచెం తగ్గించి" పిల్లికి పోసేవారి వల్లే ఇలాంటి కేసులు ఎక్కువగా వస్తాయని కూడా అన్నారు. ఆకుల మీద మందు పూర్తిగా ఆరే వరకు జంతువును బయటికి వదలకపోవడం కనీస జాగ్రత్త. ఆ సాయంత్రం కింది ఇంటివారు ఒక్క మాట చెప్పి ఉంటే మా కిటికీ మూసేదాన్ని, అంతే.

సంఘం_కార్యదర్శి (వైట్‌ఫీల్డ్), సోమవారం రాత్రి 8:30

మరో వైపు నుంచి కూడా వినండి. మాది 340 ఇళ్ల సముదాయం, నేను జీతం లేని కార్యదర్శిని. జూన్‌లో నాలుగు వానలు పడగానే ఆఫ్రికా రాక్షస నత్తలు గోడల మీదికి, పార్కింగులోకి, పిల్లల సైకిళ్ల మీదికి ఎక్కుతాయి. ఉదయం 6 గంటలకే ఫిర్యాదులు వస్తాయి. మందు వేయిస్తే కుక్కలవారు కోప్పడతారు, వేయించకపోతే మిగిలినవారు కోప్పడతారు. పోయినేడు నీలం గుళికలు చల్లించాం, ఏ జంతువుకూ ఏమీ కాలేదు. పేరు బోర్డు మీద రాయమంటే రాస్తాను. అసలు ఏమీ చల్లవద్దంటే మాత్రం, రాత్రి టార్చి పట్టుకుని నత్తలు ఏరడానికి ఎవరు వస్తారో కూడా చెప్పండి.

పశువైద్యురాలు (హెబ్బాళ), సోమవారం రాత్రి 9:25

మీ ఇబ్బంది నాకు అర్థమవుతోంది, కానీ ఆ గుళికలను తేలికగా తీసుకోకండి. మన దగ్గర నత్తల గుళికల్లో సాధారణంగా ఉండేది 2.5 శాతం మెటాల్డిహైడ్. నత్తలు రావాలని దాన్ని తవుడు వంటి దినుసులో కలుపుతారు, అదే తవుడు కుక్కకూ రుచి. తిన్న కొద్ది గంటల్లోనే వణుకు, ఆపైన మూర్ఛలు వస్తాయి. ఒళ్లు కాలిపోయేంత వేడెక్కుతుంది, ఆ వేడి వల్ల అవయవాలు దెబ్బతింటాయి. దీనికి విరుగుడు మందు లేదు, మూర్ఛలు ఆపి ఒళ్లు చల్లబరచడమే వైద్యం. పెంపుడు, అడవి జంతువులకు హాని అనే కారణంతో బ్రిటన్‌లో 2022 మార్చి తరువాత ఆరుబయట వాడకం నిలిపేశారు. తప్పనిసరైతే ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు దొరుకుతాయేమో అడగండి, వాటితో ప్రమాదం చాలా తక్కువ.

ఎర్రమట్టి (యలహంక), సోమవారం రాత్రి 9:50

కార్యదర్శి గారూ, టార్చి పట్టుకుని తిరగక్కరలేదు. సాయంత్రం గోనె సంచులను తడిపి, కింద బొప్పాయి ఆకులో క్యాబేజీ తొక్కలో వేసి, గోడ పొడవునా పరచండి. తెల్లవారేసరికి నత్తలన్నీ సంచి కిందే చేరి ఉంటాయి, తొడుగులు వేసుకుని ఏరి చిక్కటి ఉప్పునీళ్ల బకెట్టులో వేయించండి. ఒట్టి చేతులతో తాకనివ్వకండి, వాటి నుంచి మనుషులకు సోకే పురుగు ఉంది. వారం రోజులు వరుసగా చేస్తే గుడ్లు పెట్టేవి తగ్గిపోతాయి. ఇంకొక మాట, పొగాకు కషాయం చల్లమని ఎవరైనా చెబుతారు. అది ఇంటి వైద్యమే అయినా అందులో ఉన్నది నికోటిన్, కుక్కలకు ప్రమాదమే.

పదకొండో_అంతస్తు (హొరమావు), మంగళవారం ఉదయం 8:00

ఎలుకల మందు మాటేమిటి? మా బేస్‌మెంటులో నీలం బిళ్లలు పెట్టారు. ఆదివారం మా కుక్క ఒకటి నమిలింది, ఇప్పటికి రెండు రోజులైనా హుషారుగానే ఉంది కాబట్టి వదిలేశాం.

పశువైద్యురాలు (హెబ్బాళ), మంగళవారం ఉదయం 8:10

దయచేసి ఈ రోజే తీసుకువెళ్లండి. ఆ బిళ్లలు సాధారణంగా బ్రోమడయోలోన్. అది రక్తం గడ్డకట్టడానికి కావలసిన కె విటమిన్‌ను అడ్డుకుంటుంది, ఒంట్లో ఉన్న నిల్వ అయిపోయేదాకా, అంటే మూడు నుంచి ఐదు రోజుల వరకు, కుక్క మామూలుగానే కనిపిస్తుంది. తరువాత లోపల రక్తస్రావం మొదలవుతుంది. రెండు మూడు రోజులు గడిచాక చేసే గడ్డకట్టే సమయం పరీక్షలో విషయం తెలుస్తుంది, అవసరమైతే కె1 విటమిన్ దాదాపు నెల రోజులు ఇవ్వాలి. మందుల దుకాణంలో కె3 ఇస్తామంటే తీసుకోకండి, అది ఇక్కడ పనిచేయదు. బిళ్ల మిగిలిన ముక్క, పొట్లం తప్పక వెంట పట్టుకెళ్లండి. అది నల్లటి పొడి రూపంలో ఉన్న జింక్ ఫాస్ఫైడ్ అయి ఉంటే మొదటి గంటల్లోనే తెలిసేది. అలాంటప్పుడు తిండి పెట్టకూడదు, కుక్క వాంతి చేసుకుంటే అందులో నుంచి వచ్చే విష వాయువు మనకూ ప్రమాదం కాబట్టి కారు అద్దాలు దించాలి.

తులసికోట (సర్జాపుర రోడ్డు), బుధవారం రాత్రి 9:15

అందరికీ కృతజ్ఞతలు. గుండు ఈ రోజు పెరుగన్నం తిన్నది, మెట్లు ఇంకా ఎక్కలేకపోతోంది.

మా మాలి సాయంత్రం పంపు గదిలో నుంచి అసలు డబ్బా వెతికి తెచ్చాడు. క్లోర్‌పైరిఫాస్ 20 శాతం, పసుపు త్రికోణం. అతను రాయచూరు వైపు నుంచి వచ్చినవాడు, చదువుకోలేదు. డబ్బా పెద్దదని, మూత నుంచి ధార సరిగా పడదని సీసాలోకి పోసుకున్నాడట. ఎర్రమట్టి గారి రంగుల మాట చెప్పి త్రికోణం చూపిస్తే, అన్ని డబ్బాలూ తెచ్చి వరుసగా నిలబెట్టాడు. ఒకటి ఎరుపు. దాన్ని మా సంఘం అధ్యక్షుడు పక్కన పెట్టించారు. ఇకపై మందు వేసే రోజు లిఫ్టులో కాగితం అంటించడానికి, మందు అసలు డబ్బాలోనే ఉంచడానికి ఒప్పుకున్నారు, ఎముకల పొడి ఆపేశారు.

మందు పోసే రోజుల్లో చేతికి ఏమి వేసుకుంటావని నేను అడిగాను. ఏమీ వేసుకోనని చెప్పి, కుక్కకు కళ్లు ఎలా అయ్యాయని తిరిగి నన్నే అడిగాడు. చెప్పాను. తనకూ మందు పోసిన సాయంత్రం కళ్లు మసకబారతాయని, తల బరువెక్కి నోట్లో నీళ్లు ఊరతాయని, ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ తాగి పడుకుంటానని అన్నాడు. పశువైద్యురాలు గారూ, గుండుకు చేసిన రక్త పరీక్ష మనుషులకూ చేస్తారా?

పశువైద్యురాలు (హెబ్బాళ), బుధవారం రాత్రి 9:30

చేస్తారు. కోలినెస్టరేజ్ పరీక్ష అని అడగండి, మనుషుల ఆసుపత్రికే తీసుకువెళ్లండి. ఫలితం వచ్చేవరకు అతనితో మందు ముట్టించవద్దు. వెళ్లేటప్పుడు ఆ డబ్బా ఫోటో వెంట ఉంచుకోండి.

తులసికోట (సర్జాపుర రోడ్డు), బుధవారం రాత్రి 9:40

రేపు ఉదయం 10 గంటలకు మా వారు తీసుకువెళుతున్నారు. ఫోటో తీసి ఉంచాను.